క్రోన్స్ వ్యాధి: గ్యాస్ అనుకున్న నొప్పి వెనక పేగు గోడ కథ

క్లుప్తంగా: క్రోన్స్ అనేది జీర్ణవ్యవస్థలో ఏళ్ల తరబడి సాగే ఇన్‌ఫ్లమేషన్ (లోపలి వాపు, మంట) జబ్బు. నోటి నుంచి మలద్వారం దాకా ఎక్కడైనా రావచ్చు, చిన్నపేగు చివరి భాగంలో మాత్రం ఎక్కువ. నెల దాటినా తగ్గని విరేచనాలు, పదేపదే వచ్చే కడుపునొప్పి, కారణం లేకుండా బరువు తగ్గడం, నీరసం, మలద్వారం పక్కన చీముగడ్డలు దీని ముఖ్య లక్షణాలు. శాశ్వతంగా నయం చేసే మందు ఇంకా రాలేదు. తొందరగా పట్టుకుంటే అదుపులో ఉంచే మందులు మాత్రం ఉన్నాయి. ఆలస్యమైతే పేగుకు జరిగే నష్టాన్ని ఏ మందూ పూర్తిగా సరిచేయలేదు.

ముక్కలు ముక్కలుగా బయటపడే జబ్బు

తిన్న కాసేపటికి పొట్ట కుడివైపు కింది భాగంలో మెలిపెట్టినట్టు నొప్పి మొదలవుతుంది. లోపల గుడగుడమని శబ్దం వస్తుంది. ముందుకు వంగి, పొట్ట పట్టుకుని కూర్చుంటే కొంతసేపటికి లోపలేదో జారినట్టయి నొప్పి వదులుతుంది. మర్నాడు అంతా మామూలే. పది పదిహేను రోజులకు మళ్లీ అదే వరస. ఈలోగా గ్యాస్ మాత్రలు వాడటం, బయటి తిండి మానేయడం, టెన్షన్ తగ్గించుకోమని ఎవరో ఒకరు సలహా ఇవ్వడం అన్నీ అయిపోతాయి.

క్రోన్స్ వ్యాధి చాలామందిలో ఇలాగే మొదలవుతుంది. వచ్చి పోతూ ఉంటుంది కాబట్టి తగ్గిపోయిందన్న నమ్మకం కలుగుతుంది. పైగా లక్షణాలన్నీ ఒకేచోట కనిపించవు. నోటిపూత వస్తే పళ్ల డాక్టర్ దగ్గరికి, మోకాళ్లు వాస్తే ఎముకల డాక్టర్ దగ్గరికి, కన్ను ఎర్రబడితే కంటి ఆస్పత్రికి వెళతారు. రక్తం తక్కువగా ఉందంటే ఐరన్ మాత్రలు మింగుతారు. మలద్వారం పక్కన గడ్డ లేస్తే సర్జన్ కోసి చీము తీస్తారు. ఎవరి చికిత్స వారి వరకు సరైనదే. కానీ ఈ ముక్కలన్నీ ఒకే మనిషివని, రెండు మూడేళ్ల వ్యవధిలో వరసగా వచ్చాయని కలిపి చూసేవారు లేకపోవడం వల్లే అసలు జబ్బు పేరు బయటికి రావడానికి అన్నాళ్లు పడుతుంది.

ఆ ముక్కలను కలిపే దారం పేగు గోడలో ఉంది. అక్కడ ఏం జరుగుతోందో తెలిస్తే, సంబంధం లేనట్టు కనిపించే లక్షణాలు ఒక్కొక్కటిగా అర్థమవుతాయి.

పేరు ఎలా వచ్చింది

1932లో న్యూయార్క్‌లోని మౌంట్ సైనాయ్ ఆస్పత్రికి చెందిన బరిల్ క్రోన్, లియాన్ గింజ్‌బర్గ్, గోర్డన్ ఆపన్‌హైమర్ అనే ముగ్గురు వైద్యులు 14 మంది రోగుల వివరాలతో ఒక వ్యాసం ప్రచురించారు. అందరిలోనూ చిన్నపేగు చివరి భాగం వాచి, గోడ దళసరెక్కి, లోపలి దారి ఇరుకైపోయింది. ఇంగ్లిషు అక్షరక్రమంలో క్రోన్ పేరు ముందు ఉండటంతో జబ్బుకు ఆ పేరే స్థిరపడింది. అంతకు చాలా ముందే, 1913లో, గ్లాస్గోకు చెందిన సర్జన్ కెనెడీ డాల్జీల్ ఇలాంటి కేసులనే వర్ణించారు. అప్పటిదాకా ఇలాంటి పేగులను చూస్తే పేగు టీబీ అనుకునేవారు. టీబీ క్రిములు కనిపించని ఈ కేసులు వేరే జబ్బని తేల్చడమే ఆ వ్యాసాల ప్రత్యేకత.

పెద్దపేగులో కూడా క్రోన్స్ వస్తుందని వైద్యలోకం స్పష్టంగా ఒప్పుకోవడానికి 1960 దాకా పట్టింది.

పేగు గోడలో జరిగేది

పేగు గోడ ఒకే పొర కాదు. లోపల మెత్తటి జిగురు పొర, దాని కింద రక్తనాళాలుండే పొర, ఆ తర్వాత కండరం, అన్నిటికంటే బయట పలుచటి కప్పు ఉంటాయి. పేగు లోపల కోటానుకోట్ల బ్యాక్టీరియా నివసిస్తుంది. శరీరంలోని రోగనిరోధక వ్యవస్థ మామూలుగా దాన్ని సహించి ఊరుకుంటుంది. క్రోన్స్ ఉన్నవారిలో ఈ సర్దుబాటు చెడుతుంది. పేగులోని బ్యాక్టీరియా మీద రోగనిరోధక కణాలు అదుపు లేకుండా విరుచుకుపడతాయి, ఆ పోరులో పేగు గోడే దెబ్బతింటుంది.

ఇదే కుటుంబానికి చెందిన మరో జబ్బు అల్సరేటివ్ కొలైటిస్. రెండిటినీ కలిపి ఐబీడీ (ఇన్‌ఫ్లమేటరీ బవెల్ డిసీజ్) అంటారు. పోల్చి చూస్తే క్రోన్స్ స్వభావం ఇంకా తేటగా తెలుస్తుంది. అల్సరేటివ్ కొలైటిస్ పెద్దపేగుకే పరిమితం. సాధారణంగా మలాశయంలో మొదలై, మధ్యలో ఖాళీ లేకుండా పైకి పాకుతుంది, గోడలో లోపలి పొర దగ్గరే ఆగుతుంది. అందుకే రక్తం, జిగురు పడటం అందులో ఎక్కువ. క్రోన్స్ తీరు వేరు. ఒకచోట పుండు ఉంటుంది, పక్కన పేగు శుభ్రంగా ఉంటుంది, కొంత దూరం పోయాక మళ్లీ పుండు కనిపిస్తుంది. లోతు విషయానికొస్తే గోడ మొత్తాన్ని, లోపలి పొర నుంచి బయటి కప్పు దాకా తొలిచేస్తుంది.

మలద్వారం గుండా కెమెరా గొట్టం పంపి పేగును చూసే కొలనోస్కోపీ పరీక్షలో, తెరమీద ఈ తేడా కళ్లకు కడుతుంది. తొలిదశలో చిన్న చిన్న తెల్లటి పుండ్లు నోటిపూతలాగే కనిపిస్తాయి. ముదిరాక అవి ఒకదానితో ఒకటి కలిసి పేగు పొడవునా గాడులుగా సాగుతాయి. ఆ గాడుల మధ్య మిగిలిన పొర వాచి ఉబ్బడంతో, గుండ్రాళ్లు పరిచిన బాటలా కనిపిస్తుంది. కెమెరా ఇంకాస్త ముందుకు జరిగితే లేత గులాబీ రంగులో నిగనిగలాడే మామూలు పేగు. ఆ తర్వాత మళ్లీ గుండ్రాళ్లు.

ఇలా గోడ మొత్తం దెబ్బతినడం వల్ల రెండు రకాల ప్రమాదాలు వస్తాయి. మొదటిది ఇరుకైపోవడం. పుండు మానిన ప్రతిసారీ అక్కడ మచ్చ కడుతుంది, మచ్చ గట్టిపడి దారిని బిగిస్తుంది. దాన్నే స్ట్రిక్చర్ అంటారు. కొత్తగా వచ్చిన వాపు వల్ల దారి ఇరుకైతే మందులకు లొంగుతుంది. మచ్చ గట్టిపడ్డాక లొంగదు. రెండోది చిల్లుపడి పక్క అవయవంలోకి దారి ఏర్పడటం. దాన్ని ఫిస్టులా అంటారు. పేగు నుంచి పేగుకు, పేగు నుంచి మూత్రాశయానికి, యోనికి, చర్మానికి కూడా ఇలాంటి దారులు పడతాయి.

లక్షణాలను గోడతో కలిపి చదివితే

తిన్నాక వచ్చే మెలి నొప్పికి అర్థం ఇప్పుడు తెలుస్తుంది. ఇరుకైన చోట ఆహారం ఆగుతుంది. దాన్ని తోయడానికి పైనున్న పేగు బలంగా ముడుచుకుంటుంది. ఆ ముడుచుకోవడమే నొప్పి. ఆహారం ఎలాగో జారిపోగానే గుడగుడ శబ్దంతో నొప్పి వదులుతుంది. కుడివైపు కిందనే ఎందుకంటే, చిన్నపేగు చివరి భాగం ఉండేది అక్కడే. అపెండిక్స్ కూడా అక్కడే ఉంటుంది. అందుకే అపెండిసైటిస్ అనుకుని ఆపరేషన్‌కు తీసుకెళ్లాక, వాచింది అపెండిక్స్ కాదు పేగు అని తేలిన సందర్భాలు ఉన్నాయి.

విరేచనాలకు ఒకటికి మించి కారణాలుంటాయి. వాచిన పేగు నీటిని సరిగా పీల్చుకోలేదు. దానికి తోడు పైత్యరసంలోని లవణాలను తిరిగి పీల్చుకునే పని చిన్నపేగు చివరి భాగానిది. ఆ భాగం చెడితే లవణాలు పెద్దపేగులోకి చేరి నీళ్ల విరేచనాలు కలిగిస్తాయి. విటమిన్ బి12 శరీరానికి అందేదీ అక్కడి నుంచే. అది తగ్గితే రక్తహీనత, చేతులు కాళ్లలో తిమ్మిర్లు, ఏ పని చేసినా అలసట. కొవ్వు అరగకపోతే అది కాల్షియాన్ని పట్టుకుపోతుంది, కాల్షియం పట్టి ఉంచాల్సిన ఆక్సలేట్ అనే పదార్థం రక్తంలోకి ఎక్కువగా చేరి కిడ్నీలో రాళ్లు కడతాయి. కిడ్నీ రాయికీ పేగు పుండుకూ సంబంధం ఉందని మొదట ఎవరికీ తట్టదు.

రాత్రిపూట లక్షణాన్ని ప్రత్యేకంగా గమనించాలి. గాఢ నిద్రలోంచి లేచి టాయిలెట్‌కు పరుగెత్తాల్సి వస్తే అది టెన్షన్ వల్ల వచ్చేది కాకపోవచ్చు. నిద్రలో మనసు నెమ్మదిస్తుంది, పేగు పుండు నెమ్మదించదు. అడిగితే గానీ ఈ మాట చాలామంది చెప్పరు. రాత్రి ఎక్కువ తినడం వల్లే అనుకుని ఊరుకుంటారు.

మలద్వారం దగ్గరి సమస్యలు చెప్పుకోవడానికి ఇంకా ఇబ్బంది పడతారు. క్రోన్స్ ఉన్నవారిలో దాదాపు నలుగురైదుగురిలో ఒకరికి ఎప్పుడో ఒకప్పుడు అక్కడ ఫిస్టులా వస్తుంది. పక్కన చిన్న గడ్డ లేచి, చితికి, చీము కారి, మానినట్టే మాని మళ్లీ లేస్తుంది. కొందరిలో పేగు లక్షణాలు ఏవీ కనిపించకముందే ఇది మొదలవుతుంది. పైల్స్ అనుకుని ఏళ్లు గడిపేసేది ఇలాంటివారే. పైల్స్‌లో మామూలుగా రక్తం పడుతుంది గానీ పదేపదే చీము కారదు. యువతలో ఒకసారి చేసిన ఆపరేషన్ తర్వాత కూడా చీము తిరిగి వస్తుంటే పేగును పరీక్షించే ఆలోచన చేయాల్సిందే. మూత్రంలో గాలి బుడగలు రావడం, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ మాటిమాటికీ తిరగబెట్టడం పేగుకూ మూత్రాశయానికీ మధ్య దారి పడిందనడానికి గుర్తు.

పేగు బయట కనిపించేవి కూడా తక్కువేం కాదు. కీళ్ల నొప్పులు, వెన్ను కింది భాగంలో పొద్దున్నే బిగుసుకుపోవడం, పిక్కల మీద ఎర్రటి గట్టి గడ్డలు, కంట్లో మంట, వెలుతురు చూడలేకపోవడం వంటివి వస్తాయి. వీటిలో కొన్ని పేగు జబ్బు రేగినప్పుడు రేగి, అది తగ్గితే తగ్గుతాయి. కొన్ని దేని దారి దానిదే.

పిల్లల్లో మరో చిక్కు ఉంది. విరేచనాలు, నొప్పి కనిపించకముందే ఎదుగుదల ఆగిపోవచ్చు. తోటివారంతా పొడుగవుతుంటే ఒక పిల్లాడు రెండేళ్లుగా అదే సైజు బట్టలు వేసుకుంటున్నాడంటే, ఈడేరడం ఆలస్యమవుతోందంటే, సరిగా తినడం లేదని తిట్టి ఊరుకునే విషయం కాదు. తింటే నొప్పి వస్తుందన్న భయంతో తిండి తగ్గించిన పిల్లలు ఆ మాటను మాటల్లో చెప్పలేరు.

మిగతా జబ్బులతో పోలిక

పేర్లు దగ్గరగా ఉండటం వల్ల ఎక్కువమంది తికమకపడేది ఐబీఎస్, ఐబీడీల దగ్గర. ఐబీఎస్ (ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్)లో పేగు పనితీరు మారుతుంది, పేగు గోడ మాత్రం బాగానే ఉంటుంది. నొప్పి నిజమే, బాధా నిజమే, కానీ పుండు ఉండదు. రక్తం పడటం, జ్వరం, బరువు తగ్గడం, రక్తహీనత, రాత్రిళ్లు లేపే విరేచనాలు ఐబీఎస్ వల్ల రావు. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఐబీఎస్ అన్న ముద్ర వేసి ఆపకూడదు.

కలుషిత ఆహారం వల్ల వచ్చే విరేచనాలు సాధారణంగా కొన్ని రోజుల్లో, మహా అయితే రెండు మూడు వారాల్లో తగ్గుతాయి. నాలుగు వారాలు దాటితే దీర్ఘకాలిక విరేచనాలు అంటారు, కారణం వెతకడం అక్కడి నుంచి తప్పనిసరి.

అసలైన కష్టం పేగు టీబీతోనే. టీబీ ఎక్కువగా ఉన్న దేశాల్లో అనుభవజ్ఞులైన డాక్టర్లను కూడా ఇది ఇబ్బంది పెడుతుంది. రెండూ చిన్నపేగు చివరి భాగాన్నే ఇష్టపడతాయి. రెండిటిలోనూ బరువు తగ్గుతుంది, జ్వరం వస్తుంది, పేగు ఇరుకవుతుంది. పేగు ముక్క తీసి చూసే బయాప్సీ పరీక్షలో రెండిటిలోనూ గ్రాన్యులోమా అనే కణాల ముద్దలు కనిపించవచ్చు. కొన్ని తేడాలు దారి చూపిస్తాయి. పేగు పొడవునా సాగే పుండ్లు, మధ్య మధ్య బాగున్న పేగు, మలద్వారం దగ్గర ఫిస్టులా ఉంటే క్రోన్స్ వైపు మొగ్గుతారు. అడ్డంగా చుట్టుకునే పుండ్లు, పొట్టలో నీరు చేరడం, ఊపిరితిత్తుల్లో టీబీ జాడ ఉంటే టీబీ వైపు.

పొరపాటు ఎటు జరిగినా మూల్యం పెద్దదే. టీబీని క్రోన్స్ అనుకుని స్టెరాయిడ్స్, బయొలాజిక్స్ (రోగనిరోధక వ్యవస్థను అణిచే బలమైన మందులు) ఇస్తే రోగనిరోధక శక్తి తగ్గి టీబీ ఒళ్లంతా పాకుతుంది. క్రోన్స్‌ని టీబీ అనుకుని నెలల తరబడి టీబీ మందులు వాడితే ఆలోగా పేగులో మచ్చ కట్టి దారి మూసుకుపోతుంది. తేల్చుకోలేని స్థితిలో టీబీ మందులు మొదలుపెట్టి, రెండు మూడు నెలల తర్వాత మళ్లీ కొలనోస్కోపీ చేసి పుండ్లు మానాయో లేదో చూస్తారు. కాస్త తేలిగ్గా ఉందన్న రోగి మాట మీదే ఆధారపడకూడదు, ఎందుకంటే క్రోన్స్ ఉన్నవారిలో కూడా ఆ మందులతో కొంతకాలం ఉపశమనం కనిపించవచ్చు. ఆ రెండో కొలనోస్కోపీని వాయిదా వేయడమే చాలా కేసుల్లో నష్టం చేస్తుంది.

ఎవరికి వస్తుంది, ఎందుకు

ఎక్కువగా 15 నుంచి 35 ఏళ్ల మధ్య బయటపడుతుంది. చదువులు, ఉద్యోగాలు, పెళ్లిళ్లు జరిగే వయసు అదే. అలాగని ఏ వయసుకూ మినహాయింపు లేదు. అంటువ్యాధి కాదు. కలిసి తింటే, ఒకే బాత్‌రూమ్ వాడితే రాదు.

జన్యువుల పాత్ర ఉందని 2001లో నాడ్2 అనే జన్యువును గుర్తించడంతో గట్టిగా తెలిసింది. బ్యాక్టీరియాను పసిగట్టే పనిలో ఆ జన్యువుది కీలక పాత్ర. ఆ తర్వాత ఐబీడీతో సంబంధమున్న జన్యు స్థానాలు 200కు పైగా బయటపడ్డాయి. అయినా జన్యువులే అన్నీ కావు. అచ్చుగుద్దినట్టుండే కవలల్లో ఒకరికి క్రోన్స్ ఉన్నప్పుడు రెండోవారికి రానివారే ఎక్కువ. పరిశ్రమలు, నగర జీవితం పెరిగిన దేశాల్లో జబ్బు కూడా పెరగడం చూస్తే పరిసరాల ప్రభావం బలమైనదే. తిండి తీరు, చిన్నతనంలో యాంటీబయాటిక్స్ వాడకం, పేగులోని బ్యాక్టీరియా మారడం మీద అనుమానాలున్నాయి.

అన్నిటికంటే స్పష్టంగా తేలింది పొగతాగడం. క్రోన్స్ వచ్చే అవకాశాన్ని పెంచుతుంది, వచ్చాక మాటిమాటికీ రేపుతుంది, ఆపరేషన్ అవసరాన్ని కూడా పెంచుతుంది. సిగరెట్ మానడం ఈ జబ్బులో మందుతో సమానమైన చికిత్స. నొప్పి మాత్రల్లో ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వంటివి కొందరిలో జబ్బును రేపుతాయి. కీళ్ల నొప్పికని సొంతంగా కొనుక్కుని వేసుకునే ముందు ఈ సంగతి గుర్తుండాలి.

పరీక్షలు ఏం చెబుతాయి

ఒక్క పరీక్షతో క్రోన్స్ ఖాయం కాదు. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్, సీఆర్‌పీ (ఇన్‌ఫ్లమేషన్ ఉంటే పెరిగే ప్రొటీన్), అల్బుమిన్ అనే రక్త ప్రొటీన్, బి12 చూస్తారు. కొందరిలో జబ్బు చురుగ్గా ఉన్నా సీఆర్‌పీ మామూలుగానే ఉంటుంది. మల పరీక్షలో కాల్‌ప్రొటెక్టిన్ అనే ప్రొటీన్ కొలుస్తారు. తెల్లరక్తకణాలు పేగులోకి చేరినప్పుడు అది పెరుగుతుంది. అది మామూలుగా ఉంటే పేగులో ఇన్‌ఫ్లమేషన్ ఉండే అవకాశం చాలా తక్కువ. పెరిగితే క్రోన్స్ అనే అర్థం కాదు, ఇన్‌ఫెక్షన్లు, నొప్పి మాత్రలు కూడా పెంచుతాయి.

కీలకమైనది కొలనోస్కోపీ. పెద్దపేగు చూసి ఆపేయకుండా చిన్నపేగు చివరి భాగంలోకి కూడా వెళ్లి, పుండు ఉన్నచోటా లేనిచోటా ముక్కలు తీయాలి. కెమెరా అందని చిన్నపేగు కోసం ఎంఆర్ లేదా సీటీ ఎంటెరోగ్రఫీ అనే స్కాన్ చేస్తారు. మింగే క్యాప్సూల్ కెమెరా కూడా ఉంది. కానీ పేగు ఇరుకుగా ఉంటే అది అక్కడే చిక్కుకుపోతుంది కాబట్టి ముందే దారి సరిచూసుకోవాలి.

చికిత్సలో వచ్చిన మార్పు

చాలాకాలం లక్ష్యం ఒక్కటే, నొప్పి తగ్గించడం. స్టెరాయిడ్స్ ఇస్తే వారం పది రోజుల్లో తేలిగ్గా ఉండేది, మానేస్తే తిరగబెట్టేది. స్టెరాయిడ్స్ మంటను ఆర్పడానికే పనికొస్తాయి, ఏళ్ల తరబడి వాడితే ఎముకలు బోలవుతాయి, షుగర్ వస్తుంది, పుండ్లూ పూర్తిగా మానవు. దీర్ఘకాలం అదుపు కోసం అజాథయోప్రిన్, మెథోట్రెక్సేట్ వంటివి వచ్చాయి. మెథోట్రెక్సేట్‌ను గర్భం దాల్చాలనుకునేవారు వాడకూడదు.

పెద్ద మలుపు 1998లో వచ్చింది. ఇన్‌ఫ్లమేషన్‌ను రేపే టీఎన్‌ఎఫ్ అనే పదార్థాన్ని అడ్డుకునే ఇన్‌ఫ్లిక్సిమాబ్‌కు ఆ ఏడాది అమెరికాలో క్రోన్స్ కోసం అనుమతి లభించింది. తర్వాత అడాలిముమాబ్, వెడోలిజుమాబ్, ఉస్టెకినుమాబ్ వంటివి వరసగా వచ్చాయి. వీటినే బయొలాజిక్స్ అంటారు. మొదలుపెట్టే ముందు లోపల నిద్రపోతున్న టీబీ, హెపటైటిస్ బి ఉన్నాయేమో చూడటం తప్పనిసరి.

తేలికపాటి మందులతో మొదలుపెట్టి, పనిచేయకపోతే బలమైనవి ఇవ్వడం పాత పద్ధతి. మొదటి నుంచే బలమైన మందు ఇస్తే ఎలా ఉంటుందని బ్రిటన్‌లో ప్రొఫైల్ అనే ట్రయల్ పరిశీలించింది. కొత్తగా జబ్బు బయటపడిన 386 మందితో సాగిన ఆ పరిశోధన ఫలితాలు 2024లో ప్రచురితమయ్యాయి. మొదటే ఇన్‌ఫ్లిక్సిమాబ్‌తో చికిత్స పొందినవారిలో 79 శాతం మంది ఏడాదిపాటు జబ్బు అదుపులో ఉండి, స్టెరాయిడ్స్, ఆపరేషన్ అవసరం లేకుండా గడిపారు. మెట్టుమెట్టుగా వెళ్లినవారిలో అది 15 శాతమే. గట్టి మచ్చ కట్టకముందే గోడను కాపాడితే ఏమవుతుందో ఈ అంకెలు చూపిస్తున్నాయి. త్వరగా గుర్తించడం మీద ఇంత పట్టుబట్టడానికి కారణం కూడా ఇదే.

పిల్లల్లో ఆరు నుంచి ఎనిమిది వారాల పాటు మామూలు తిండి ఆపి, ప్రత్యేక పోషక ద్రవాలే ఇచ్చే చికిత్స స్టెరాయిడ్స్ అవసరాన్ని తప్పించగలదు. దారి మూసుకుపోయినప్పుడు, ఫిస్టులా లొంగనప్పుడు ఆపరేషన్ కావాలి. పాడైన ముక్క తీసి అతికించినా కొన్నాళ్లకు అతుకు దగ్గరే జబ్బు తిరిగి రావడం మామూలు కనుక ఆ తర్వాతా పరీక్షలు ఆపకూడదు. బాగుందని మందు మానేయడం ఇక్కడ తరచూ జరిగే తప్పు. నొప్పి లేకపోయినా గోడలో మంట సాగుతూ ఉండవచ్చు.

ఆగకూడని పరిస్థితులు, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాల్సినవి

పొట్ట ఉబ్బి గట్టిపడటం, ఆగని వాంతులు, గ్యాస్ కూడా కదలకపోవడం పేగు మూసుకుపోయిందనడానికి సూచన. తట్టుకోలేని నొప్పితో పాటు చలిజ్వరం, ఎక్కువగా రక్తం పడటం, కళ్లు తిరగడం ఉన్నా రాత్రని చూడకుండా ఎమర్జెన్సీకి వెళ్లాలి.

అంత అత్యవసరం లేనప్పుడు రెండు వారాల పాటు ఒక కాగితం మీద రాసుకోవడం చాలా ఉపయోగపడుతుంది. రోజుకు ఎన్నిసార్లు విరేచనం అయింది, నిద్రలోంచి ఎన్నిసార్లు లేవాల్సి వచ్చింది, రక్తం పడిందా, తిన్న ఎంతసేపటికి నొప్పి వచ్చింది, జ్వరం ఎంత, బరువు ఎంత. ఆరు నెలల కిందటి బరువు తెలిస్తే అదీ రాయాలి. కుటుంబంలో ఎవరికైనా ఇలాంటి పేగు జబ్బు ఉంటే చెప్పాలి. సంబంధం లేదనిపించినా కంటి డాక్టర్ చీటీ, కీళ్ల నొప్పికి వాడిన మందుల పేర్లు, పాత చీముగడ్డ ఆపరేషన్ డిశ్చార్జి కాగితం కూడా ఆ ఫైల్లోనే పెట్టాలి.